మూత తీయని పెట్టె

ఉదయం ఎనిమిదింటికి హిందూపురంలోని మసూద్ ఆఫీసుకు వచ్చిన ఫోను నలభై సెకన్లలో ముగిసింది.

"సార్, ధర్మవరం నుంచి సల్మాను. మీరు జైలుకు పంపిన మనిషి జైల్లోనే ఉండాడు. కంప్యూటర్ మాత్రం ఇంకా ఆగిపోతానే ఉండాది. ఈసారి నన్ను పంపిస్తారంట. మూడు గంటలకు ఎస్సై వస్తాడు."

మసూద్ ఏదో అడగబోయాడు. లైను తెగిపోయింది.

ప్రైవేటు డిటెక్టివుగా తొమ్మిదేళ్లలో అతను తేల్చిన కేసులు ఎనభై పైనే. వాటిలో మళ్లీ తెరవాల్సి వచ్చింది ఒక్కటీ లేదు. బీరువాలోంచి 'రామాంజినేయులు డిజైన్ సెంటర్, ఏప్రిల్ 2001' అని రాసి ఉన్న ఫైలు తీసి సంచిలో వేసుకున్నాడు. పదిహేడు నెలల దుమ్ము వేళ్లకు అంటింది.

ధర్మవరంలో దిగి, తాడిమర్రి రోడ్డులో ఊరు దాటినాక ఉన్న ఆ డిజైన్ సెంటర్‌లో అడుగుపెట్టేసరికి పన్నెండూ ఇరవై.

గది మారలేదు. బల్ల మీద కంప్యూటర్. బల్ల కింద నల్లటి యూపీఎస్ పెట్టె, దాని ముఖాన పచ్చ లైటు. అవతలి గోడకు పంచింగ్ మెషిను. చీర అంచులో ఏ పువ్వు ఎక్కడ రావాలో మగ్గానికి చెప్పే అట్టలకు రంధ్రాలు కొట్టేది అదే. డిజైన్ కంప్యూటర్‌లో తయారవుతుంది, అట్ట మెషిను మీద తయారవుతుంది. కంప్యూటర్ దగ్గర అప్పుడూ ఇప్పుడూ సల్మానే. మెషిను దగ్గర అప్పుడు ఈరన్న. ఇప్పుడు ఆ పని కూడా సల్మాదే.

ఆమెకు ఇరవై నాలుగేళ్లుంటాయి. కూర్చోమని కూడా అనలేదు.

మసూద్ నేరుగా ప్రశ్నల్లోకి దిగాడు. ఎన్నిసార్లు ఆగిపోయింది? ఈరన్న పోయినాక ఇరవై మూడుసార్లు. ఆగిపోవడమంటే ఎలా? తెర నల్లగా అయిపోయి, దానంతట అదే మళ్లీ మొదలవుతుంది. నీలం తెర వచ్చి డిస్కంతా వెతుకుతుంది. అది అయ్యాక చూస్తే అప్పటిదాకా గీస్తున్న డిజైన్ సగం తెగిపోయి ఉంటుంది, కొన్నిసార్లు అసలుండదు. ఆ సమయంలో గదిలో ఎవరుంటారు?

"నేనొక్కదాన్నే. మెషిను కాడ," అంది సల్మా. "మీ రిపోర్టు లెక్కన చూస్తే ఇప్పుడు దొంగ నేనే సార్."

ఆ మాటలో కోపం లేదు. అందుకే అది గట్టిగా తగిలింది.

అతని రిపోర్టు సారాంశం అంతే మరి. కంప్యూటర్ ఆగిపోయిన ముప్ఫై ఒక్క సమయాలను ఒక వరుసలో, ఈరన్న హాజరు పుస్తకంలో సంతకం పెట్టిన సమయాలను ఇంకో వరుసలో రాశాడు. ఈరన్న గదిలోకి వచ్చిన పావుగంట లోపలే ప్రతిసారీ కంప్యూటర్ పోయింది. ఈరన్న ఉదయం వచ్చిన వారం ఉదయం, మధ్యాహ్నం వచ్చిన వారం మధ్యాహ్నం. ఒక్కటీ తప్పలేదు. కావాలని చెడగొట్టి, డిజైన్లు బయటికి చేరవేశాడని మసూద్ తేల్చాడు. కేసు నడిచి నడిచి, ఈ జనవరిలో కోర్టు ఏడాది శిక్ష వేసింది.

"ఆగిపోయే ముందు ఏమైనా గమనించావా అమ్మా? శబ్దం గానీ, వాసన గానీ?"

"ట్యూబులైటు ఒక్క గడియ గుడ్డిగా అవుతాది."

మసూద్ తలెత్తాడు. "ఇది పోయినేడాది ఎందుకు చెప్పలేదు?"

"చెప్పినా. మీరు రాసుకోలే."

మసూద్ ఫైలు తెరిచి సల్మా వాంగ్మూలం పేజీ తీశాడు. ఆరు ప్రశ్నలు, ఆరు జవాబులు. అవును, కాదు, అవును, అవును, తెలియదు, కాదు. ట్యూబులైటు ఎక్కడా లేదు. ఆ రోజు తను ఏ తొందరలో ఉన్నాడో గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు. గుర్తుకు రాలేదు.

కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. సీ డ్రైవ్ తెరిచాడు. డిజైన్ల ఫోల్డర్ల కింద, ఎవరూ పట్టించుకోని చోట, అవి వరుసగా ఉన్నాయి. కంప్యూటర్ మామూలుగా ఆపితే ఏ గుర్తూ మిగలదు. ఉన్నట్టుండి చచ్చి లేస్తే మాత్రం, తెగిపోయిన ఫైళ్ల ముక్కలను ఏరి, ఒక్కో ముక్కకూ ఒక నెంబరు ఇచ్చి దాచిపెడుతుంది. ప్రతి ముక్క పక్కనా తేదీ, గంట, నిమిషం.

పాతవి, కొత్తవి కలిపి యాభై నాలుగు. ముప్ఫై ఒకటి ఈరన్న కాలానివి, ఇరవై మూడు సల్మావి. యంత్రం తన చావులన్నీ తనే రాసిపెట్టుకుంది. పోయినేడాది అతను ఈ పేజీ తెరవనే లేదు. యజమాని టైపు చేయించి ఇచ్చిన జాబితా చాలనుకున్నాడు.

మసూద్ ఆ సమయాలన్నీ కాగితం మీద ఎక్కించుకుని లేచాడు.

"మెషినుకు ఏ కరెంటు?"

"త్రీఫేజు. లైటుకు, కంప్యూటర్‌కు మామూలు కరెంటు దినమంతా ఉంటాది గానీ, ఇది వచ్చినప్పుడే మెషిను తిరిగేది."

"ఎప్పుడొస్తుంది?"

"ఒక వారం పొద్దున, ఒక వారం మద్యాన్నం. ఈ వారం రెండు గంటలకు." సల్మా అతని ముఖంలోకి చూసింది. "ఈరన్న మామ ఊరికే ఎందుకొస్తాడు సార్? కరెంటు వచ్చే టయానికే వచ్చేటోడు."

మసూద్ గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఎండ కళ్లలో పడుతోంది. 

* * *

సబ్‌స్టేషన్ అదే రోడ్డులో కిలోమీటరు దూరం. డ్యూటీ ఆపరేటర్ మొదట లాగ్‌బుక్ చూపనన్నాడు. ఎవరో అమ్మాయి జైలుకు పోతుందని విన్నాక పుస్తకం తనే తీసి బల్ల మీద పెట్టి, క్యారియరు విప్పుకుని పక్కకు జరిగాడు.

ఇరవై మూడు సమయాలు. ఇరవై మూడూ కలిశాయి. త్రీఫేజు వదిలిన నిమిషం ఇక్కడ. రెండు మూడు నిమిషాల తేడాతో కంప్యూటర్ దాచిన ముక్క అక్కడ. తర్వాత నిరుటి పుస్తకం అడిగాడు. ముప్ఫై ఒకటీ కలిశాయి.

అది ఎలాగో ఆపరేటర్ అన్నం కలుపుకుంటూనే చెప్పాడు. ఆ లైను మీద పద్నాలుగు బోర్లు ఉన్నాయి. పైరున్న కాలంలో రైతులెవరూ మోటారు ఆపరు, అన్నిటికీ ఆటో స్టార్టర్లే. కరెంటు రాగానే పద్నాలుగు మోటార్లూ ఒక్కసారి లేస్తాయి. ఆ క్షణంలో లైనులో ఓల్టేజీ సగానికి పడిపోతుంది.

"ట్యూబులైటు గుడ్డిగా అయ్యేది అందుకేప్పా. మాకు అలవాటే," అన్నాడు.

ఈరన్నా, కంప్యూటర్ చావూ రెండూ ఒకే కరెంటు వెనక వచ్చాయి. మసూద్ ఒకదాన్ని చూసి ఇంకొకదానికి కారణమని రాశాడు. ఫైలులోని ఆ రెండు వరుసలు ఎంత పొందికగా ఉన్నాయో! అంత పొందికగా ఉన్నందుకే అనుమానించి ఉండాల్సింది.

ఒక్క చిక్కు మిగిలింది. ఓల్టేజీ పడిపోతే కాపాడటానికే కదా యూపీఎస్ ఉండేది?

* * *

తిరిగి వచ్చేసరికి ఒకటీ యాభై. యజమాని రామాంజినేయులు లోపల కూర్చుని ఉన్నాడు. పక్కనే ఎస్సై ఓబుళప్ప. మూడింటికి రావాల్సిన జీపు గంట ముందే గేటు దగ్గర నిలబడి ఉంది. సల్మా గోడకు ఆనుకుని ఉంది, చేతిలో పర్సు. పోవడానికి సిద్ధపడినట్టు.

ఓబుళప్పకు మసూద్ అంటే మొదటి నుంచీ పడదు. ఈరన్న కేసులో మసూద్ పేరు పేపర్లో పెద్ద అక్షరాలతోనూ, ఓబుళప్ప పేరు చివరి వాక్యంలోనూ పడ్డాయి.

"ఏమప్పా డిటెక్టివూ, ఈసారి నన్ను పిలవకుండానే తేల్చేస్తివా?" అన్నాడు.

"అమ్మాయి తప్పు లేదు ఎస్సై గారూ. ఎవరి తప్పూ లేదు. కరెంటు."

రామాంజినేయులు నవ్వాడు. పోయినేడాది ఇదే పెద్దమనిషి యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు సమస్య కాదని సంతకం పెట్టి రాసిచ్చాడని ఎస్సైకి గుర్తు చేశాడు. అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది అతనికి. ఈరన్న తరఫున అప్పీలులో సాక్ష్యం చెబుతానని ఈ పిల్ల ఊరంతా చాటుతోందనీ, ఇద్దరూ తోడుదొంగలని దాన్నిబట్టే తెలుస్తోందనీ కూడా అన్నాడు.

"నీ రిపోర్టు చూసే కదప్పా నేను చార్జిషీటు వేసింది?" ఓబుళప్ప గొంతులో వెటకారం తగ్గింది. "అది తప్పంటే నా కేసూ తప్పే. ఊరికే అనే మాట కాదిది."

"ఊరికే అనను. పది నిమిషాలు కూర్చోండి. రెండు గంటలకు త్రీఫేజు వస్తుంది. కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోవద్దు. సల్మా, నువ్వు బయట జీపు దగ్గర నిలబడమ్మా."

సల్మా వెళ్లింది. మసూద్ ఒక డిజైన్ తెరిచి, నాలుగు గీతలు గీసి, చేతులు వెనక్కి కట్టుకుని గోడ దగ్గరికి జరిగాడు.

రెండయింది. ఏమీ కాలేదు.

రెండూ రెండు. రెండూ నాలుగు. ఎస్సై గడియారం చూసుకుని, ఇంకెంతసేపని అడిగాడు. రెండూ ఆరుకు కుర్చీలోంచి లేచి టోపీ అందుకున్నాడు. కిటికీలోంచి సల్మా కనిపిస్తోంది. కానిస్టేబుల్ జీపు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. మసూద్ చొక్కా వీపుకు అంటుకుపోయింది.

రెండూ ఏడు.

ట్యూబులైటు గుడ్డిగా అయింది. ఒక్క క్షణం. పంచింగ్ మెషిను మీద ఎర్ర బల్బు వెలిగింది. కంప్యూటర్ తెర నల్లబడింది. తర్వాత, ఎవరూ తాకకుండానే, అది మళ్లీ మేల్కొని నీలం తెర వేసుకుని వెతకడం మొదలుపెట్టింది.

గదిలో నలుగురు ఉండాల్సిన చోట ముగ్గురే ఉన్నారు. దొంగ అన్న మనిషి బయట జీపు దగ్గర ఉంది.

ఓబుళప్ప టోపీ మళ్లీ బల్ల మీద పెట్టాడు. 

"మరి ఆ పెట్టె ఎందుకుండాది?" అన్నాడు.

"అదే చూద్దాం." మసూద్ యూపీఎస్‌ను బయటికి లాగాడు.

రామాంజినేయులు అప్పుడు లేచాడు. కంపెనీ సీలు చిరిగితే గ్యారంటీ పోతుందన్నాడు.  మూత అంచున కాగితం సీలు ఒకటి అతికించి ఉంది. మసూద్ దాన్ని చించి, నాలుగు మరలు విప్పి, మూత ఎత్తాడు.

లోపల బ్యాటరీ ఉబ్బి, పగిలి, తీగలు తగిలించే చోట తెల్లగా ఉప్పు పట్టి ఉంది. ఎప్పుడో చచ్చిన బ్యాటరీ. ముందున్న పచ్చ లైటు గోడలోంచి కరెంటు వస్తోందని మాత్రమే చెబుతుంది, బ్యాటరీ బతికుందని కాదు. బ్యాటరీ మీద సర్వీసు ఇంజనీరు అంటించిన చీటీ ఉంది. మసూద్ పైకి చదివాడు.

"బ్యాటరీ పనిచేయదు. వెంటనే మార్చాలి. ఓనరుకు చెప్పడమైనది. పవన్, 12-3-2001."

చదివాక, నెమ్మదిగా తలెత్తాడు. "మీరు నన్ను పిలిచింది ఏప్రిల్ రెండున సావుకారీ. కంప్యూటర్ ఎందుకు ఆగిపోతోందో అప్పటికి ఇరవై రోజుల ముందే మీకు తెలుసు."



మిగిలింది మసూద్ తనే చెప్పాడు.  ఈరన్న ఇంట్లో నలభై కట్టల గ్రాఫు కాగితాలు దొరికాయి. వాటి మీద చేత్తో గీసిన అంచులు, కొంగులు. ఇవి మా అవ్వ తమ్ముడూ, మా నాయనా గీసినవని ఈరన్న ఎంత చెప్పినా, డిజైన్ సెంటర్ నుంచి దొంగిలించిన నకళ్లని మసూద్ రిపోర్టులో రాశాడు. కేసు తేలాక కోర్టు వాటిని రామాంజినేయులుకు ఇప్పించింది. ఇప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కుతున్నవన్నీ అవే. ఎంత అడిగినా ఈరన్న ఇవ్వని కాగితాలు, ఒక్క డిటెక్టివ్ సంతకంతో యజమాని సొత్తయిపోయాయి.

"నన్ను ఎందుకు ఎంచుకున్నారో ఇప్పుడు తెలిసింది," అన్నాడు మసూద్. "తొందర మనిషినని."

ఓబుళప్ప కింద పడిన సీలు ముక్కలు ఏరి, బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పెట్టి, కళ్లకు దగ్గరగా చూస్తున్నాడు.

"ఈ సీలు మీద కూడా పవన్ సంతకముండాది. అదే మార్చి పన్నెండు." అతను మసూద్ వైపు తిరిగాడు. "నువ్వు దీన్ని ఇప్పుడే చించితివి. నా కళ్ల ముందర."

"అవును."

"కోర్టులో ఈరన్న లాయరు నిన్ను ఒక మాట అడిగినాడు. నేను ఆడే ఉన్నా. యూపీఎస్ విప్పి చూసినారా అని. ప్రమాణం చేసి ఏమంటివి?"

మసూద్‌కు ఆ మధ్యాహ్నం మొత్తం కళ్ల ముందుకు వచ్చింది. బోనులో ఈరన్న, చేతులు కట్టుకుని. ప్రశ్న వినగానే ఒక్కసారి ఆశగా తల ఎత్తాడు. మసూద్ అప్పుడు బస్సు టైము చూసుకున్నాడు. పచ్చ లైటు వెలుగుతోందని తెలుసు, విప్పినా అదే తేలుతుందని నమ్మాడు. విప్పలేదంటే లాయరు ఇంకో గంట సాగదీస్తాడు.

"విప్పి పరీక్షించాను, బాగానే పనిచేస్తోంది అన్నాను."

"అబద్ధం."

"అబద్ధం."

రామాంజినేయులు కుర్చీలో వెనక్కి వాలాడు. అతని ముఖంలో ఏ కంగారూ లేదు. ఆ సీలు చిరగలేదని పదిహేడు నెలలుగా తెలిసిన ముఖం అది. "ఇదంతా కోర్టులో చెప్తే ముందు లోపలికి పోయేది ఎవరో చూసుకో మసూదూ," అన్నాడు మెల్లగా.

రెండూ నలభైకి బల్ల మీది ఫోను మోగింది. రామాంజినేయులు ఎత్తి, విని, సరే సరే అని పెట్టేశాడు. ఎస్సైతో మాట్లాడినప్పుడు అతని గొంతు చాలా మర్యాదగా ఉంది.

"సల్మా మీద కంప్లయింటు వాపసు తీసుకుంటాండా సార్. పాపం, ఆడపిల్ల."

ఎందుకని ఓబుళప్ప గద్దించాడు. అప్పుడు యజమాని చెప్పాడు. పొద్దున తన లాయరు పెనుకొండ జైలుకు వెళ్లాడు. సల్మాను కూడా అరెస్టు చేయబోతున్నారని ఈరన్నకు చెప్పాడు. చేసిందంతా తానే అనీ, సల్మాకు ఏ పాపమూ తెలియదనీ, అప్పీలు వదులుకుంటున్నాననీ ఈరన్న రాసిచ్చాడు. ఆ కాగితం హిందూపురం కోర్టులో దాఖలై, అప్పీలు ఇప్పుడే ముగిసిపోయింది.

"ఎన్నింటికి సంతకం పెట్టాడు?" మసూద్ అడిగాడు.

"పదింటికి."

పదింటికి మసూద్ కొత్తచెరువు దగ్గర బస్సులో ఉన్నాడు. అంతకు ముందు అదే బస్సు పెనుకొండలో పావుగంట ఆగింది. జైలుకు నడిచి వెళ్లేంత దూరంలో అతను కిటికీ పక్కన కూర్చుని, తన రిపోర్టు చదువుకుంటున్నాడు.

సల్మా గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. ఏడవలేదు. "నాకు పని నేర్పించింది మామే," అంది అంతే. "ఆయనకు నేనేమైతానని ఇట్ల రాసిచ్చినాడు?"



మసూద్ తన ఫైలు మూసి బల్ల మీద పెట్టాడు. బ్యాటరీని, చీటీని, సీలు ముక్కలను ఎస్సై ముందుకు జరిపాడు.

"అప్పీలు లేదు కాబట్టి ఇక కరెంటు పుస్తకం ఎవరూ అడగరు. ఈ చీటీ ఎవరూ చదవరు. ఆ తీర్పును మళ్లీ తెరిపించగలిగేది ఒక్కటే ఎస్సై గారూ. దానికి ఆధారమైన సాక్ష్యం అబద్ధమని ఆ సాక్షే ఒప్పుకోవాలి. నా వాంగ్మూలం రాసుకోండి."

 ఓబుళప్ప ఇన్నేళ్లుగా ఈ మనిషి ఎప్పుడు తప్పులో దొరుకుతాడా అని ఎదురుచూసినవాడు. ఇప్పుడు దొరికితే సంతోషం కలగలేదు.

"రాస్తే నిన్నే తీసుకుపోవాలప్పా. మూడేళ్లకు తక్కువ రాదు. ఆఫీసు, పేరు, అన్నీ పోతాయి. నా కేసు కూడా నీతోపాటే పోతాది."

"తెలుసు."

రామాంజినేయులు ఫోను అందుకోబోయాడు. ఓబుళప్ప అతని వైపు చూడకుండానే ఫోను మీద చెయ్యి పెట్టి, ఆ చేత్తోనే దాన్ని తన వైపు లాక్కున్నాడు. కానిస్టేబుల్‌ను పిలిచి తలుపు దగ్గర నిలబడమన్నాడు. తర్వాత తెల్లకాగితం తీసి, పెన్ను మూత తీశాడు.

"పేరు?"

"మహమ్మద్ మసూద్."

"తండ్రి పేరు?"

"ఫకీర్ సాబ్."

"ఊరు?"

"హిందూపురం."

"పని?"

మసూద్ నోరు తెరిచాడు. తొమ్మిదేళ్లుగా ఎవరడిగినా ఆలోచించకుండా చెప్పే మాట అది. ఎస్సై పెన్ను కాగితం మీద ఆగి ఉంది. గుమ్మంలోంచి సల్మా చూస్తోంది.

ఎంతసేపటికీ ఆ మాట బయటికి రాలేదు.